చదువు రానట్టు చూడడం ఎలా

రిటైరై రెండేళ్లయింది. కొత్తగా టీచర్లయిన పిల్లలు అప్పుడప్పుడు తమ శిక్షణ తరగతులకు నన్ను పిలుస్తుంటారు. శాలువా కప్పి, మీ సర్వీసులో మీరు సాధించిన పెద్ద విజయం ఏది సార్ అని అడుగుతారు. నేను బడికి ప్రహరీ గోడ కట్టించిన సంగతి చెప్పి కూర్చుంటాను. గోడ అబద్ధం కాదు, ఇప్పటికీ నిలబడే ఉంది.

కానీ నేను సాధించిన అసలు విజయం వేరు. చదువు చక్కగా వచ్చిన ఆరుగురు పిల్లలకు ఒక్క మధ్యాహ్నంలో చదువు రాకుండా చేశాను. అది శాలువా కప్పించుకుని చెప్పే సంగతి కాదు కనక ఇక్కడ రాస్తున్నాను. మీరు ఇంకా చిన్నవాళ్లు. ఈ విద్య మీకు కూడా ఎవరో ఒకరు నేర్పుతారు. నేర్పినవాడు చివరిదాకా చెప్పడు.

మాది వికారాబాద్. నేను హెడ్మాస్టరుగా చేసిన బడి తాండూరు దాటాక, బషీరాబాద్ దారిలో ఉన్న ఒక చిన్న ఊళ్లో. ఊరికి ఒక పక్క కందిచేలు, ఇంకో పక్క బండల గనులు. సగం మంది తల్లిదండ్రులు బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీల్లో పని చేస్తారు, మిగతావాళ్లు వ్యవసాయం, గొర్లు. నేను పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగి, అక్కడి నుంచి ఆటోలో బడికి పోయేవాణ్ని. ఆ రైల్లో మా టీచర్లది ఒక బోగీ ఉండేది. టికెట్ మీద ఎక్కడా రాసి ఉండదు గానీ అది మాదే అని అందరికీ తెలుసు. మా జిల్లా చదువుల గురించి నిజమైన నిర్ణయాలన్నీ ఆ బోగీలోనే, మరమరాలు తింటూ జరిగేవి. ఆఫీసు నుంచి వచ్చే ఉత్తర్వులు చదవడానికి, బోగీలో వినేది చేయడానికి.

ఆ యేడు కొత్తగా ఒక పరీక్ష పెట్టారు. జూలైలో బయటినుంచి ఒక మనిషి వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఒక కాగితం చూపించి చదవమంటాడు. ఏమీ రాకపోతే ఎరుపు, పదాలు చదివితే పసుపు, కథ చదివితే ఆకుపచ్చ. మార్చిలో మళ్లీ అదే పరీక్ష. ఈ రెండింటి మధ్య ఎంతమంది రంగు మారిందో అదే బడి ప్రగతి. పిల్లలకు ఎంత వచ్చు అని అడిగే గడి ఆ ఫారంలో లేదు, ఎంత పెరిగింది అన్నదొక్కటే ఉంది. అందరికంటే ఎక్కువ పెరిగిన బడికి జిల్లా సన్మానం.

మా బోగీలో ఒక పెద్దాయన ఉండేవాడు. వేరే మండలంలో హెడ్మాస్టరు, నాకంటే రెండేళ్లు సీనియరు. నేను ఈ పరీక్ష గురించి పరేషాన్ అవుతుంటే ఆయన మరమరాల పొట్లం నా చేతికిచ్చి, తాపీగా అన్నాడు:

"మార్చిల పిల్లగాన్ని లేపుడు కష్టం. జూలైల పండవెట్టుడు అల్కగ."

బోగీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. రైలు దిగేసరికి నాకు విషయం పూర్తిగా అర్థమైపోయింది.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్న భోజనాలయ్యాక, బాగా చదివే ఆరుగురిని నా గదికి పిలిచాను. నలభై రెండు మంది పిల్లల్లో కథ సాఫీగా చదివేది వీళ్లే. ఒక్కొక్కరికి ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాను. రేపు వచ్చే సారు కాగితం చూపిస్తే ఏమీ రానట్టు కూర్చోవాలని, ఇది ఒక ఆట అని చెప్పాను. ఆట అంటే పిల్లలు దేనికైనా ఒప్పుకుంటారు, మన వృత్తి నడిచేదే దాని మీద.

రిహార్సల్ మొదలుపెట్టాక తెలిసింది, ఇది అనుకున్నంత తేలిక కాదని. చదువు రాని పిల్లవాడికి చదవడం నేర్పడం కష్టమని మనందరికీ తెలుసు. చదువు వచ్చిన పిల్లవాడికి చదవకపోవడం నేర్పడం ఇంకా కష్టం. నోరు మూసుకుంటారు గానీ కళ్లు ఊరుకోవు. ఎడమ నుంచి కుడికి పోతాయి, కింది వరుసలోకి దిగుతాయి, చూసేవాడు ఇట్టే పట్టేస్తాడు. ఒకడు కథలో కోతి తోక కొమ్మల మధ్య ఇరుక్కునే చోటికి రాగానే పకపకా నవ్వేశాడు. ఇంకొకడు నేను చెప్పినట్టే బిక్కమొహం పెట్టి, పైకి మాత్రం గడగడా చదివేశాడు.

అప్పుడు ఒక పిల్ల చెయ్యెత్తింది. నాలుగో తరగతి, గొర్లు కాసే ఇంటి పిల్ల. సన్నగా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండేది.

"సారూ, అచ్చరాలను చూస్తే సదువుడు ఆగదు. అచ్చరాల నడ్మ తెల్లటి జాగ ఉంటది గద, గా జాగను చూడాలె."

నా ముందు కూర్చుని చేసి చూపించింది. కళ్లు కాగితం మీదే ఉన్నాయి, కానీ వాటిలో ఏమీ లేదు. అచ్చం చదువు రాని పిల్లే. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఒక విద్యార్థి సొంతంగా ఇంత చక్కటి పద్ధతి కనిపెట్టడం నేను చూడలేదు. మిగతా అయిదుగురికీ ఆ పిల్లతోనే నేర్పించాను. తోటి పిల్లలు చెప్తే పిల్లలకు బాగా వస్తుందని శిక్షణల్లో చెప్తారు, అది నిజమే. గంటలో అందరికీ వచ్చేసింది. మార్చిలో నేను చెప్పేదాకా ఎవరి ముందూ చదవొద్దు, ఇంట్లోవాళ్లకు కూడా తెలియనివ్వొద్దు అని ఒట్టు వేయించుకుని పంపించాను.

మా బడిలో ఇంకొక టీచరు ఉండేది, అందరం మేడం అనేవాళ్లం. పరిగి నుంచి వచ్చేది, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆ ఆరుగురికీ చదువు నేర్పింది ఆమే. నేను అప్పటికి పదకొండేళ్లుగా పాఠం చెప్పలేదు, ఫారాలు నింపేవాణ్ని. పిల్లలు గదిలోంచి బిస్కెట్లు తింటూ బయటికి పోయాక ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"రెండేండ్లు నేర్పిన సార్ నేను. మీరు ఒక్క బిస్కెట్ ప్యాకెట్‌తోని వాపస్ తీసుకున్నరు."

ఆమెకు ఇంకా ఉద్యోగం పక్కా కాలేదు, నా సంతకం కావాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకు తెలుసు. పోయి పిల్లల్ని చూసుకోమ్మా అన్నాను. వెళ్లిపోయింది. తర్వాత చాలా రోజులు ఆమె నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దవాళ్లంటే గౌరవం లేకుండా పోతున్నదని నేను బోగీలో వాపోయాను.

మర్నాడు పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. వచ్చినవాడు టీచరు ట్రైనింగ్ చదువుతున్న కుర్రాడు, మెత్తని మనిషి. మా గొర్ల కాపరి పిల్ల ముందు కాగితం పెట్టి ఎంతసేపు బతిమాలాడో. పోనీ ఒక్క అక్షరం చెప్పు తల్లీ అన్నాడు. ఆ పిల్ల తెల్లటి జాగను చూస్తూ కూర్చుంది. చివరికి అతను జేబులోంచి చాక్లెట్ తీసి ఆమెకిచ్చి, నాలుగో తరగతికి వచ్చినా అక్షరం రాలేదంటే ఎంత అన్యాయం సార్ అని నాతో బాధపడ్డాడు. ఏం చేస్తాం బాబూ, పల్లెటూరి పిల్లలు అన్నాను. నలభై రెండు మందిలో ఇరవై మూడు ఎరుపులు వచ్చాయి. అందులో ఆరు నేను తయారు చేసినవి.

మిగతా అయిదుగురు పిల్లలు ఆ ఒట్టును సాయంత్రానికే మరిచిపోయారు. ఆటోల వెనక రాసిన రాతలన్నీ వీధుల్లో అరుచుకుంటూ చదివేవాళ్లు. ఈ పిల్ల మరిచిపోలేదు.

ప్రతి నెలా మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంటుంది. ఆగస్టు సమావేశానికి మండల విద్యాధికారి కూడా వచ్చాడు. పిల్లల పేర్ల పట్టిక గోడకు అంటించి, పేరు పక్కన రంగు స్టిక్కరు పెట్టాం. తల్లిదండ్రుల్లో చాలామందికి చదువు రాదు కనక రంగులైతే అర్థమవుతాయని పై నుంచి ఆదేశం. ఆ పిల్ల తండ్రి, గొర్ల కాపరి, భుజాన గొంగడితో వచ్చి, బిడ్డను అడిగి ఆమె పేరు ఎక్కడుందో తెలుసుకుని, ఆ స్టిక్కరు మీద వేలు పెట్టాడు. ఎర్రది అంటే ఏంది సారు అన్నాడు.

అధికారి పక్కనే ఉన్నాడు. నాకు అప్పుడే నాటకం రక్తి కట్టించాలనిపించింది. గొంతు పెంచి, నలుగురికీ వినిపించేలా, నీ బిడ్డకు అక్షరం ముక్క రాదు, కానీ ఫికర్ చేయకు, మార్చి కల్లా కథల పుస్తకాలు చదివిస్తాను చూడు అన్నాను. అధికారి మెచ్చుకోలుగా తలూపాడు. ఆ తండ్రి బిడ్డ వైపు తిరిగి నిజమేనా బిడ్డా అని అడిగాడు. ఆమె ముందు నన్ను చూసింది, తర్వాత నేలను చూసింది, రాదు నాయినా అంది.

నాలుగేళ్లు బడికి పంపినా అక్షరం రాలేదంటే మా ఇంటికి చదువు రాసిపెట్టి లేదు అని ఆయన పక్కనున్నవాళ్లతో అన్నాడట. సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. మరుసటి వారం కూడా రాలేదు. గొర్ల వెంట పోయిందని పిల్లలు చెప్పారు. నిజం చెప్పాలంటే నేను పెద్దగా పట్టించుకోలేదు. హాజరు రిజిస్టర్లో ఆమె ఒక్కరోజు కూడా మానకుండా వస్తూనే ఉంది, నేనే వేసేవాణ్ని.

ఫిబ్రవరి మొదటి వారంలో మండల విద్యాధికారి నన్ను పిలిచి, ఈసారి సన్మానం మన మండలానికే రావాలె, నీ బడి మీదనే నా ఆశ అన్నాడు. బడికి తిరిగొచ్చి నా ఆరుగురిని లెక్క చూసుకుంటే అయిదుగురే ఉన్నారు. ఎరుపు నుంచి ఒక్క గెంతుతో ఆకుపచ్చకు పోవాల్సిన పిల్ల, అందరికంటే బాగా చదివే పిల్ల, గొర్ల మందలో ఉంది. అప్పుడు మాత్రం నాకు చాలా బాధ కలిగింది. ఆడపిల్ల చదువు ఆగిపోతే ఎలా అని మేడంతో అన్నాను. ఆమె నా మొహం చూసి, పదండి సార్ పోదాం అని స్కూటీ తాళం తీసుకుంది.

కందికోత అయిపోయాక రైతులు గొర్ల కాపర్లను పిలిచి తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్లు అక్కడే పడుకుంటే పొలానికి ఎరువు. అందుకని మంద ఒక్కచోట ఉండదు, ఏ చేలో ఉందో అడుక్కుంటూ పోవాలి. బషీరాబాద్ దాటాక మేం తెలుగులో అడిగితే వాళ్లు కన్నడంలో చెప్పారు, అయినా చెయ్యి చూపించిన దిక్కు అర్థమైంది. మధ్యాహ్నానికి దొరికారు.

ఆ తండ్రి మమ్మల్ని చూసి గబగబా గొంగడి పరిచి కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్లిచ్చాడు. పిల్ల కొంచెం దూరంలో ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను బడి గురించి, ఆడపిల్లల చదువు గురించి మంచి ఉపన్యాసం ఇచ్చాను. నిజం చెప్పే ఉద్దేశం అప్పటికీ నాకు లేదు. రెండు నెలలు పంపు చాలు, కథలు చదివిస్తాను అన్నాను.

"నాలుగేండ్లల్ల రాని సదువు రెండు నెలల్ల యాడికెల్లి వస్తది సారు?"

దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. మేడం ఊరుకోలేదు. ఆ పాపకు చదువు ఎప్పుడో వచ్చు, రాదని చెప్పమన్నది మా సారే, బడికి పేరు రావాలని అట్లా చేసినం అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. చేసినం అంది, తను చేయకపోయినా. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. పిల్లకు చదువు రావడం, సారు రాదని చెప్పడం, ఈ రెండూ ఆయన బుర్రలో పక్కపక్కన కూర్చోలేదు. సారు అబద్ధం ఆడతాడని అనుకోలేకపోవడం ఆయన మర్యాద. నా వైపు తిరిగాడు.

"సారు, అబద్దం గప్పుడు చెప్పినవా, గిప్పుడు చెప్తున్నవా?"

"గప్పుడే" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల గొర్రెపిల్లను కిందికి దించి మా దగ్గరికి వచ్చింది. చేతులు కట్టుకుని నా ముందు నిలబడింది. తప్పు చేసిన పిల్లలు క్లాసులో ఎలా నిలబడతారో అలా.

"సారూ, నేను ఒక్కపారి మాట తప్పిన" అంది. "గొర్లకు నట్టల మందు తాపేటప్పుడు కాయిదం సదివి చెప్పిన. గంతే. మల్ల ఎన్నడు సదువలే."

ఏ కాగితం అని మేడం అడిగింది. పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన మెల్లగా లేచి, మూటలోంచి పశువుల దవాఖానలో మందుసీసాతో పాటు ఇచ్చిన చీటీ తీశాడు. దాన్ని బిడ్డ చేతికి ఇచ్చాడు. ఆమె చదవలేదు. నన్ను చూసింది.

"గిప్పుడు సదువాల్నా సారూ, వద్దా?"

చదువు తల్లీ అన్నాను. ఎక్కడా ఆగకుండా చదివింది. ఎంత గొర్రెకు ఎంత మందు తాపాలో చదివింది. చివర్లో, చూడి గొర్రెలకు తాపరాదు, అని చదివి చీటీ మడిచి తండ్రికి ఇచ్చింది.

ఆయన కింద కూర్చున్నాడు. తర్వాత ఆయన చెప్పిందే ఇక్కడ రాస్తాను. దవాఖానకు పోయి మందు తెచ్చింది ఆయన తమ్ముడు, వాళ్లు చెప్పింది సగమే చెవికెక్కించుకున్నాడు. మందంతటికీ తాపుతుంటే పిల్ల అడ్డం వచ్చి, చూడి గొర్లకు వద్దని కాగితంలో ఉంది నాయినా అని ఏడ్చిందట. నీకు చదువు రాదని సారే నలుగురిలో చెప్పిండు గదా, ఎందుకు అబద్ధాలు ఆడుతున్నవ్ అని ఈయన ఆమెను కసిరాడట. తర్వాత పది పన్నెండు రోజుల్లో తొమ్మిది గొర్లు ఈసుకపోయాయి. కడుపులు పడిపోయాయి. ఎవరి దిష్టి తగిలిందో అని మొక్కులు మొక్కుకున్నారు.

"నా బిడ్డ చెప్తే నమ్మలే సారు. నువ్వు చెప్తే నమ్మిన" అన్నాడు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ముప్ఫై నాలుగేళ్లలో నాకు మెమోలు వచ్చాయి, బదిలీలు వచ్చాయి, ఒకసారి ఊళ్లోవాళ్లు గదిలో పెట్టి తాళం కూడా వేశారు. ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆ గొంగడి మీద కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లకు ఏమైనా చెప్పాలనుకున్నాను. ఆమె మాట తప్పినందుకు నేను కోప్పడతానేమో అని ఇంకా చేతులు కట్టుకునే ఉంది.

బడికి పంపుతావా తమ్మీ అని అడిగాను. ఆయన ఒకటే అన్నాడు. రాదని ఎక్కడ చెప్పినవో అక్కడనే వచ్చని చెప్పు, అంతమంది ముందు చెప్పు, అప్పుడు పంపుతా. ఆయన కోరింది అన్యాయమేమీ కాదు.

ఫిబ్రవరి మూడో శనివారానికి ఇంకా పది రోజులు ఉంది. ఆ పది రోజులూ నేను తప్పించుకునే దారులు వెతికాను, దాచను. గోడ మీది ఎర్ర స్టిక్కరు మీద గుట్టుగా ఆకుపచ్చది అంటిద్దామా అనుకున్నాను. బోగీలో పెద్దాయనకు చెప్తే, గొర్లోళ్ల మాట పట్టుకుని కొంప మునుగుతవా, ఇంటికి పోయి నాలుగు బియ్యం సంచులిచ్చి సముదాయించు అన్నాడు. జూలై ఎరుపు రంగు ఒక్క పిల్లకు మార్చే వీలుందా అని ఆఫీసులో అడిగాను. పరీక్ష పెట్టినవాడు ఫోన్లోని యాప్‌లో ఎక్కించిన రంగు దిద్దే వీలు లేదన్నారు. పిల్లకు చదువు రావచ్చు, పోవచ్చు, రికార్డు మాత్రం మారదు. విద్యాధికారి నన్ను తలుపు మూసి కూర్చోబెట్టాడు. నువ్వొక్కడివి నోరు విప్పితే అన్ని బడులనూ తవ్వుతారు, నీ నౌకరీ ఇంక పదిహేను నెలలు, జర ఊరుకో అన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయినట్టుంది అని కూడా అన్నాడు. అది నిజంగా మంచి సలహా, ఇంకో మనిషి అయితే వినేవాడు. కానీ ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడడం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

శనివారం మామూలుగా పదిహేను మంది వచ్చే సమావేశానికి ఆరోజు వరండా నిండిపోయింది. గొర్ల కాపరి ఊరంతా చెప్పాడు. ఆయన బిడ్డను తీసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, నా జేబులో రాసిపెట్టుకున్న ఉపన్యాసం తీయకుండా, ఆగస్టులో ఇదే గోడ దగ్గర ఈ పిల్లకు అక్షరం రాదని చెప్పాను, అది అబద్ధం అన్నాను. ఆమె బడిలో అందరికంటే బాగా చదువుతుంది. నేనే రాదని చెప్పమన్నాను. ఇంకో అయిదుగురి చేత కూడా అట్లాగే చేయించాను. తప్పు నాది, మేడంది కాదు, పిల్లలది కాదు. వాళ్ల పేర్లు చదివి, ఆరు ఎర్ర స్టిక్కర్లూ అందరి ముందే పీకేశాను. గోరు విరిగింది, జిగురు గట్టిది.

గొర్ల కాపరి లేచి బిడ్డ తల మీద చెయ్యి వేశాడు. ఆమె సోమవారం నుంచి బడికి వచ్చింది.

మెమో సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సరిగ్గా నాలుగు రోజులకు వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు. మార్చి పరీక్షలో మా ఆరుగురు ఆకుపచ్చే అయినా దాన్ని ప్రగతి కింద లెక్కించొద్దని నేనే రాసిచ్చాను, దాంతో మా బడి మండలంలో చివరి స్థానం సంపాదించింది. సన్మానం మా బోగీ పెద్దాయన బడికి వచ్చింది. ఆ సభకు నేను కూడా పోయి చప్పట్లు కొట్టాను. ఆయన బడిలో ఎంత మందికి చదువు రాకుండా పోయి మళ్లీ వచ్చిందో నేను అడగలేదు.

కానీ ఆ శనివారం స్టిక్కర్లు పీకడంతో అయిపోలేదు. నేను కుర్చీలో కూలబడి, జనం లేచి తిడతారని ఎదురుచూస్తున్నాను. తిట్టలేదు. వెనక నుంచి ఒకామె ముందుకు వచ్చింది. పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది, జుట్టు మీద బండల పొడి తెల్లగా ఉంది. ఆమె కొడుకు అయిదో తరగతి. ఆమె మొహంలో కోపం లేదు, నవ్వు ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

"సారూ, మా వోనికి గూడ ఎర్రదే అంటిచ్చిండ్రు. గది గూడ గిట్లాంటిదేనా? వానికి గూడ సదువొస్తదా?"

ఆమె వెనకాలే ఇంకొకాయన లేచాడు, టోపీ తీసి చేతిలో పట్టుకుని, మా పిల్లది కూడా అబద్ధమేనా సాబ్ అన్నాడు. తర్వాత ఒక ముసలమ్మ, తర్వాత ఇద్దరు అన్నదమ్ములు. అందరూ గోడ మీద మిగిలిన ఎర్ర స్టిక్కర్లను చూస్తున్నారు. నేను వాళ్ల పిల్లల గురించి కూడా అబద్ధం ఆడి ఉండాలని వాళ్లు దేవుణ్ని మొక్కుకుంటున్నారు. జీవితంలో ఎవరూ నా మీద అంత ఆశ పెట్టుకోలేదు.

గోడ మీద ఇంకా పదిహేడు ఉన్నాయి.

"లేదమ్మా" అన్నాను. "మీ వోనికి నిజంగనే రాదు."

ఆమె నవ్వు వెంటనే పోలేదు, మెల్లగా పోయింది. అయిదు తరగతులాయె గద సారూ అంది. టోపీ తీసినాయనకు చెప్పాను, ముసలమ్మకు చెప్పాను, మిగిలినవాళ్లకు పేరు పేరునా చెప్పాను. ఒక్కొక్కరూ విని, పిల్లల చేతులు పట్టుకుని ఇళ్లకు పోయారు. ఒకరు మాత్రం పోతూ పోతూ, రామ్ రామ్ సారు అని అలవాటుగా అన్నారు.

ఆమె పోలేదు. కొడుకును రెక్క పట్టుకుని తెచ్చి నా కుర్చీ ముందు బండల మీద కూర్చోబెట్టింది.

"గట్లయితే గిప్పటిసంది నేర్పుండ్రి సారూ. నాకు డ్యూటీ ఆరింటికి."

కుర్చీలోంచి లేచి టేబుల్ సొరుగులు రెండూ వెతికాను. అల్మారాలో చూశాను. అన్నీ ఫారాలే. చాక్‌పీసులు ఎక్కడ పెడతారమ్మా అని మేడంని అడిగాను.